నీళ్లు పోసే ముందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నీళ్లు ఒక్కసారి వాడి పారబోసేవాళ్లం కాదు. బియ్యం కడిగినవి ఎనుముకి, చేతులు కడిగినవి కరివేపాకు చెట్టుకి పోయేవి. ఐరాల దగ్గర మా ఊరి బావిలో బిందె అడుగు బండకి తగిలిన చప్పుడు వినబడితే ఆ పూటకి నీళ్లు అయిపోయినట్టే. ఎవరైనా ఒక మొక్కకి చెంబెడు మంచినీళ్లు పోస్తే పుణ్యం చేసుకున్నారనుకునేవాళ్లం. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా మేనత్త చేసిన తప్పు ఇక్కడి నుంచే పుట్టింది.

మా మేనత్తకి, అంటే మా నాయన చెల్లెలికి, అప్పటికి ఇంకా పెళ్లి కాలేదు. కొండ వారన ఉన్న అడవి మొక్కల నర్సరీలో పని నేర్పిస్తారని, బాగా నేర్చుకున్న ఒకరిద్దరిని అక్కడే పెట్టుకుంటారని తెలిసి చేరింది. అది కుదరకపోతే నగరిలో చుట్టాల మగ్గాల దగ్గరికి పంపిస్తానని మా నాయన తేల్చి చెప్పేశాడు. ఆమెకి చెట్లంటే ప్రాణం, మగ్గం చప్పుడంటే తలనొప్పి. ఇక నా సంగతి అడగనక్కర్లేదు. ఆమె వెళ్లిపోతే నాకు జడ వేసేవాళ్లు దొరుకుతారేమో గానీ, నా ప్రశ్నలు వినేవాళ్లు దొరకరు. ఆ ప్రశ్నలు పడలేకే మా అమ్మ ఆదివారాలు నన్ను అత్త వెంట తోలేసేది.

నర్సరీలో పని నేర్పేది ఒక అవ్వ. పాకాల వైపు మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. నల్ల కవర్లలో మట్టి నింపడం, మొలకని వేరు తెగకుండా పెకలించి అందులో నాటడం, నీడలో పెరిగినదాన్ని మెల్లమెల్లగా ఎండకి అలవాటు చేయడం, అన్నీ చేసి చూపించేది. నోటితో చెప్పడం తక్కువ. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి తలా ఒక మడి ఎర్రచందనం మొక్కలు అప్పగించింది.

అక్కడ మోటారు ఉండేది. పైపులోంచి నీళ్లు ఆగకుండా వస్తూనే ఉండడం మా అత్త అంతకుముందు చూడలేదు, నేనూ చూడలేదు. ఇక ఆమె చేయి ఊరుకుంటుందా? పొద్దునా సాయంత్రం తన మడిని ముంచెత్తింది. కొన్నాళ్లకి ఆకులు వాలిపోయాయి. పాపం దాహమేమోనని ఇంకా పోసింది. అవి ఇంకా వాలిపోయాయి. పక్క మడుల్లో మొక్కలు మాత్రం తలెత్తుకుని ఉన్నాయి. ఇన్ని నీళ్లు తాగిన మొక్క ఎందుకు వాడిపోతుందో నాకు అంతు పట్టలేదు. అత్తని అడిగితే ఏడుపు ఆపుకుంటూ నోరు మూసుకోమంది. అందుకని నేరుగా అవ్వనే అడిగాను.

అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. భుజం మీది తువ్వాలు తీసి నా కళ్లకి గంతలు కట్టింది. నా రెండు చేతుల్లో చెరొక కవరు పెట్టింది.

"దేనికి దప్పి అయితా ఉండాదో సెప్పు పాపా" అంది.

ఒక చేయి బరువుకి కిందికి లాగుతోంది. రెండో చేతిలో ఏమీ లేనట్టే ఉంది. తేలిగ్గా ఉన్నదానికే దప్పి అన్నాను. గంతలు విప్పి రెండు కవర్లనీ మార్చి మార్చి చూశాను. తేలిగ్గా ఉన్న కవరులో మొక్క పచ్చగా నిలబడి ఉంది. బరువుగా ఉన్నది మా అత్త మడిలోది, ఆకులు వేలాడేసింది. అవ్వ ఆ కవరు చించి చూపించింది. వేరు నల్లబడి, కుళ్లు వాసన కొట్టింది.

"కండ్లతో సూస్తే దీనికే దప్పి అనిపిస్తాది. నీళ్లు పోసేముందు ఎత్తి సూడల్ల" అంది. అది నాతో అన్నా, చూపు మా అత్త మీదే ఉంది. తర్వాత ఆమె కళ్లకీ గంతలు కట్టింది.

ఆ రోజు నుంచి మా అత్తకి నీళ్లు పోయకుండా ఉండటమే పెద్ద పని అయింది. పైపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. వంగి ఒక్కో కవరూ ఎత్తి చూసేది. అప్పటికే సగం మొక్కలు పోయాయి. మిగిలినవి మెల్లగా చిగురు వేశాయి.

మనుషుల్ని ఎంచుకునే రోజు అధికారి వచ్చి మడులన్నీ చూశాడు. అత్త మడి దగ్గర ఆగకుండానే ముందుకు పోయాడు. నేను అత్త కొంగు పట్టుకుని నిలబడ్డాను, నగరి బస్సు అప్పుడే వచ్చేసినట్టు. అప్పుడు అవ్వ ఆయన్ని పిలిచింది.

"ఈ బోసి మడి ఆమెని పెట్టుకో నాయనా. ఆ తప్పు మిగిలినోళ్లు ఇంకా సెయ్యాల్సి ఉండాది. ఈమె సేసేసింది."

ఆయన నవ్వాడు. వెనక్కి వచ్చి, ఈ రోజు వేటికి నీళ్లు పోయాలో చూపించమన్నాడు. అత్త ఆకుల వైపు చూడలేదు. కవర్లు ఎత్తుతూ పోయింది. ఆమెకి పని దొరికింది, నాకు మా అత్త మిగిలింది.

ఇప్పుడు తిరుపతిలో మా బాల్కనీ కుండీలని నేను అటూ ఇటూ కదిలించి చూశాకే నీళ్లు పోస్తాను. మా కోడలు నవ్వుతుంది, నవ్వనీ. మొన్న ఎండాకాలంలో మా అత్త మా ఇంట్లో జ్వరంతో పడుకుంటే, ఒకరు గంజి, ఒకరు కొబ్బరినీళ్లు, ఒకరు పళ్లరసం పట్టుకుని చుట్టూ మూగాం. ఆమె ఒక కన్ను తెరిచింది.

"ఎత్తి సూసినారా మే?" అంది.

నవ్వుతూ నా చేతిలో గ్లాసు పక్కన పెట్టి ఆమె చేయి ఎత్తాను. కవర్లు మోసి మోసి గట్టిపడిన చేయి. అంత తేలికైపోయిందని నాకు తెలియదు. పక్కన పెట్టిన గ్లాసు మళ్లీ అందుకున్నాను.