యాదగిరి అంకుల్ ఎంచిన తుపాకీ

షూటింగ్ రేంజి నుంచి వచ్చి తుపాకీ గొట్టంలో వేడి సబ్బునీళ్ళు పోయగానే, కుళ్ళిన కోడిగుడ్డు వాసన గరాజంతా కమ్ముకుంది. కాలిన తుపాకిమందు వాసన అది. అది ముక్కుకు తగిలితే యాదగిరి అంకుల్ మీద నాకు ఇప్పటికీ కొత్తగా కోపం పుట్టుకొస్తుంది.

ఆయనది కరీంనగర్. ఈ దేశానికి వలసొచ్చి, ఇక్కడి గనుల్లో డీజిల్ మెకానిక్‌గా చేసి, హారిస్‌డేల్‌లో మా పక్కింట్లో స్థిరపడ్డారు. తెలిసిన రైతుల పొలాల్లో అడవిపందులను వేటాడేవారు. అదీ మూతి నుంచి మందూ గుండూ కూరే పాతకాలపు తుపాకీతోనే. నాకూ అలాంటిదొకటి ఎంచిపెట్టమని అడిగాను. బుద్ధి తక్కువై అడిగాను. నాలుగు నెలలు దుకాణాల చుట్టూ తిప్పారు. నేను మెచ్చిన ప్రతిదానికీ ఏదో ఒక వంక. ఇత్తడి నగిషీలున్న తుపాకీ ఒకటి చూసి మనసు పారేసుకున్నాను.

"కండ్లు మూస్కొని భుజానికెత్తు," అన్నారు. ఎత్తాను. "ఇగ తెరువు. గురి కనవడ్తుందా?"

"లేదంకుల్. నా బొటనవేలే కనిపిస్తోంది."

"మరి పందిని బొటనవేలుతోని కొడ్తవా?"

చివరికి ఆయన ఎంచింది ఏ నగిషీ లేని, గీతలు పడ్డ తుపాకీ. కళ్ళు తెరిచేసరికి గురి దానంతటదే కుదిరింది. అది మరీ ఒళ్ళు మండించింది.

తొలి వేటనాడు, "నలభై గజాల లోపలికొస్తెనే కాల్చు. మల్ల నింపేదాంక అది ఆగది," అన్నారు. పంది అంతకు రెట్టింపు దూరంలో కనిపించింది. ఆంక్షలతో విసిగిపోయి ఉన్నాను. కాల్చేశాను. పొగ విడేసరికి పంది లేదు, గడ్డి మీద నెత్తురుంది. తిడతారనుకున్నాను. "పా," అన్నారంతే. ఎర్రటి ఎండలో మూడు గంటలు ఆ నెత్తురు జాడ పట్టుకుని నడిచాం. ఆయన మోకాళ్ళు పట్టుకుని కూలబడుతూ, మళ్ళీ లేస్తూ వచ్చారు.

"అంకుల్, ప్లీజ్, ఇట్స్ గాన్. వదిలేద్దాం."

"నువ్వు వదిలేస్తవ్. దానికి నొప్పి వదుల్తదా?"

ఒక పొద కింద రొప్పుతూ కనిపించింది. సగం మందు ఒలకబోసుకుంటూ నేను నింపుతుంటే ఆయన సాయం రాలేదు. తలైనా తిప్పుకోనివ్వలేదు. ఆ రెండో గుండు నేనే పేల్చాను.

అంకుల్ పోయి రెండేళ్ళు. పోయిన నెలలో ఒక మగపంది దూరంగా పక్కకు తిరిగి నిలబడింది. అది దగ్గరికి వస్తుందని ఎదురుచూశాను. రాలేదు, పొదల్లోకి వెళ్ళిపోయింది. పక్కనున్న మిత్రుడు శ్రీకాంత్ తల పట్టుకున్నాడు: "ఈజీ షాట్ కదా బ్రో, ఎందుకు వదిలేశావ్?"

నాకూ కోపం వచ్చింది, యాదగిరి అంకుల్ మీద. వేలు మాత్రం ట్రిగ్గర్ మీదికి వెళ్ళనే లేదు.