పెన్‌డ్రైవ్‌కు అడ్డుపడ్డ బొట్టు

మా నిమ్మకాయల మండీలో బిల్లులు కొట్టే పాత కంప్యూటర్‌లో కొత్త విండోస్ వేయాలని ఈ రోజు పొద్దున్నే పంతం పట్టి కూర్చున్నాను. ఈ మోడల్‌కు కొత్తది కుదరదని తెర మీద మెసేజ్ వచ్చి చాలా రోజులైంది. గూడూరులో అడిగిన ప్రతివాడూ పాత ఇనుముకు వేసేయమన్నాడు. బాగా పనిచేసేదాన్ని ఎందుకు పారేయాలి? మోడల్ సరిపోతుందో లేదో విండోస్ చూసే ఆ తనిఖీని దాటించే పద్ధతి నేర్చుకుని పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకున్నాను. తీరా చూస్తే అది ముందున్న సాకెట్‌లో దూరదు. టార్చి వేసి చూస్తే లోపల గట్టిపడిన గంధం, కుంకుమ!

నాతో కలిసి మండీ నడిపే మా వదిన ఏమాత్రం తడుముకోలేదు. "ఆయుధపూజకి ఏటా అక్కడే పెడతా ఉండాను. బొట్టు లేకుండా మిషన్ ఎట్ట నడుస్తాది?"

పుల్లతో గీకి, బ్రష్షుతో దులిపి మళ్ళీ మొదలుపెట్టాను. రెండుసార్లు మొరాయించింది. నేను కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రానికి కొత్త విండోస్ దారికొచ్చింది.

"చూసినావా, అంతా నా బొట్టు మహిమ" అంటూ వదిన కుంకుమ భరిణెతో వచ్చింది.

నేను సాకెట్‌ను అరచేత్తో మూసి, ఇకమీదట ఇక్కడ పెట్టమని కంప్యూటర్ డబ్బా పైనున్న రేకు చూపించాను. మీ కంప్యూటర్‌కు బొట్టు ఎక్కడుందో మీరూ ఓసారి చూసుకోండి.