హ్యాండిల్ లాక్ వద్దండీ

ఇమామ్ ఇరవై రెండేళ్ళుగా ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు బళ్ళు పెట్టిస్తున్నాడు గానీ, ఒక్క మ్యాచ్ కూడా కళ్ళారా చూడలేదు. మామూలు రోజుల్లో పటమటలో ఒక కల్యాణ మండపం ముందు ఉంటాడు. టోర్నమెంటు వచ్చిందంటే స్టేడియం పక్కనున్న స్కూలు మైదానానికి మారతాడు. గోడకు అవతల ఏం జరుగుతోందో అతనికి చెవులే చెబుతాయి. గోల్ పడితే అరుపు ఒక్కసారిగా లేస్తుంది. గోల్‌కీపర్ ఆపితే ముందు ఒక క్షణం అంతా నిశ్శబ్దమైపోయి, ఆ తర్వాత చప్పట్లు వస్తాయి.

వచ్చిన ప్రతివాళ్ళకీ అతను చెప్పే మాట ఒకటే: "హ్యాండిల్ లాక్ వద్దండీ, న్యూట్రల్‌లో వదలండి." కొత్తవాళ్ళు అనుమానంగా చూస్తారు. పాతవాళ్ళు మాట్లాడకుండా వదిలి వెళ్తారు. బళ్ళను ఊళ్ళవారీగా పెడతాడు. కంకిపాడు వాళ్ళవి ఒక పక్క, ఇబ్రహీంపట్నం వాళ్ళవి ఇంకో పక్క. ఒక ఊరివాళ్ళు కలిసే వస్తారు, కలిసే పోతారు. మధ్యలో ఎవరైనా వెళ్ళాల్సి వస్తే, లాక్ లేని బళ్ళను అటూ ఇటూ జరిపి దారి తీస్తాడు.

వీటన్నిటికంటే ముందు, పొద్దున్నే వచ్చి స్టేడియం ర్యాంపు ముందు సున్నంతో గీత గీస్తాడు. జనం వెళ్ళే మిగతా గేట్లకు మెట్లున్నాయి. ర్యాంపు అవసరమయ్యేది ఇబ్రహీంపట్నం బాలశౌరికే. ఒకప్పుడు జిల్లా జట్టుకు గోల్‌కీపర్. ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడ్డాక, పక్క చక్రాలు బిగించిన స్కూటర్ మీద వచ్చి, దాని మీదే కూర్చుని మ్యాచ్ చూసి వెళ్తాడు. మూడేళ్ళుగా ఆ గీత లోపల ఇమామ్ ఒక్క సైకిల్ని కూడా పెట్టనివ్వలేదు.

ఆ రోజు ఆడపిల్లల ఫైనల్. రంజాన్ నెల. ఉపవాసంతో, ఎండతో ఇమామ్ మోకాళ్ళు మధ్యాహ్నానికే లాగుతున్నాయి. కమిటీ తరఫున జయపాల్ వచ్చి, అతిథిగారి కారు ర్యాంపు ముందు పెట్టించమన్నాడు. ఇంకోరోజైతే ఇమామ్ నిలబడి వాదించేవాడే. కానీ బాలశౌరి సెమీఫైనల్‌కి రాలేదు. కాలి పుండు ముదిరి ఆసుపత్రిలో చేరాడని వాళ్ళ ఊరివాళ్ళు చెప్పారు. ఇవాళ కూడా రాడులే అనుకున్నాడు ఇమామ్. వాదించే ఓపికా లేదు. సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. కారు వచ్చి సున్నం గీత మీదే ఆగింది. డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకుని ఎటో వెళ్ళిపోయాడు.

మ్యాచ్ పది నిమిషాల్లో మొదలవుతుందనగా బాలశౌరి స్కూటర్ వచ్చింది. కాలికి కట్టుంది, ముఖం పీక్కుపోయింది. కారును చూశాడు, దాని చక్రాల కింద గీతను చూశాడు.

"మూడేళ్ళు కాపలా కాసి, ఇవాళే అమ్మేశావా భాయ్ నా దారిని?"

"అమ్మలేదండీ," అన్నాడు ఇమామ్. "మీరు రారనుకున్నాను."

"మా శాలిని ఆడుతోంది."

శాలిని ఆయన కూతురు. రెండేళ్ళుగా బెంచీ మీదే కూర్చుంది. ఇవాళే మొదటిసారి గోల్‌లో నిలబెడుతున్నారు. ఆసుపత్రి వాళ్ళతో పోట్లాడి వచ్చాడట.

జయపాల్ ఫోన్ మీద ఫోన్ చేశాడు, డ్రైవరు ఎత్తలేదు. నలుగురం పట్టుకుని మెట్లెక్కించేస్తామన్నాడు. బాలశౌరి ఒప్పుకోలేదు. తను ఆడిన గ్రౌండులోకి, కూతురు చూస్తుండగా, మూటలా వెళ్ళనన్నాడు. గట్టిగా అనలేదు, నేలను చూస్తూ అన్నాడు.

ఇంక మిగిలింది స్కూలు మైదానం చివర, స్టేడియంలో గడ్డి తడపడానికి నీళ్ళ ట్యాంకరు వెళ్ళే గేటు. దానికి మెట్లు లేవు, తాళం లేదు, గడియ ఒక్కటే. కానీ ఫైనల్ కదా అని ఆ దారి పొడవునా కూడా ఇమామే బళ్ళు నింపేశాడు. ఆరు వరసలు.

లోపల విజిల్ మోగింది. ఇమామ్ మొదటి బండి స్టాండు తీశాడు.

ఒక్కోదాన్ని వెనక్కి లాగి, తిప్పి, పక్క సందులోకి తోసి మళ్ళీ స్టాండు వేయాలి. నాలుగో వరస దగ్గరికి వచ్చేసరికి భుజం మొరాయించింది. జయపాల్ మెడలో కార్డు వెనక్కి వేసుకుని అవతలి చివర నుంచి లాగడం మొదలుపెట్టాడు. బాలశౌరి నీళ్ళ సీసా చాపి, ఉపవాసం సంగతి గుర్తొచ్చి, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. ఊరుకోలేక అన్నాడు: "ఆ ఎర్రబండి కంకిపాడుది. మావాళ్ళ మధ్యలో పెట్టకు. వాళ్ళతో మాకు సెమీఫైనల్ గొడవే ఇంకా తేలలేదు."

ఒక్క బండికి మాత్రం ఎవరో లాక్ వేశారు. ఇమామ్ దాని వెనక చక్రాన్ని ఎత్తి ఎత్తి జరిపాడు. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. ఇంతసేపూ గోడ అవతల పెద్ద అరుపేదీ లేవలేదు. ఇంకా గోల్ పడలేదు.

గడియ తీసేసరికి హాఫ్‌టైమ్ విజిల్ వినిపించింది. స్కూటర్ లోపలికి వెళ్ళి, గేటు పక్కనే ఉన్న గోల్‌పోస్టు వెనక ఆగింది. రెండో సగానికి జట్లు వైపులు మారాయి. అవతలి గోల్‌లో ఉన్న శాలిని గ్లవ్స్ సర్దుకుంటూ ఇటే నడిచి వచ్చింది. తండ్రిని చూసి ఒక్క క్షణం ఆగింది. పోస్టును అరచేత్తో తట్టి, మైదానం వైపు తిరిగి నిలబడింది.

"ఉండు భాయ్, చూసి వెళ్ళు," అన్నాడు బాలశౌరి.

చూడాలనే ఉంది ఇమామ్‌కి. కానీ నలభై బళ్ళు తమ ఊళ్ళు వదిలి ఎక్కడెక్కడో ఉన్నాయి. మ్యాచ్ అవగానే జనమంతా ఒక్కసారే వస్తారు. గేటు దగ్గరగా వేసి వెనక్కి నడిచాడు. ఎర్రబండిని కంకిపాడు వరసలోకి తోస్తుంటే గోడ అవతల అరుపులన్నీ ఆగిపోయాయి. ఇమామ్ హ్యాండిల్ పట్టుకునే నిలబడ్డాడు. ఆ తర్వాత చప్పట్లు వచ్చాయి. అవి సద్దుమణిగాక కూడా, గేటు వైపు నుంచి ఒక జత చేతుల చప్పుడు ఇంకాసేపు వినిపించింది.

ఇమామ్ స్టాండు వేసి, తర్వాతి బండి దగ్గరికి వెళ్ళాడు.