రేగడిలోకి దిగే ముందు

మొన్న ఆదివారం పొద్దున మా చిన్నాయన పోయారని ఫోన్ వచ్చింది. వనపర్తిలో మేం సిస్టర్లం ఉండే ఇంట్లో అప్పటికి ప్రార్థన అయింది. రెండు రోజుల వానకు ఆరని బట్టలు లోపలి తీగ మీదకు మారుస్తున్నాను. పొయ్యి మీద రొట్టెలకు ఎసరు మరుగుతోంది. "అక్కా, నాయిన లేస్తలేడు," అంది చెల్లె. ఆయన ఒక్కగానొక్క కూతురు. పొయ్యి ఆర్పి, కాసేపు కళ్లు మూసుకుని, కోడేరు బస్సెక్కాను.

ఆయన జీవితమంతా ట్రాక్టర్ నడిపారు. వాన వెలిస్తే చాలు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు వెతుక్కుంటూ వచ్చేవారు. అడిగేది ఒకటే: బండి చేన్లోకి దిగొచ్చా, దిగబడుతుందా?

"నన్నేం అడుగుతవ్, మట్టిని అడగాలె. జర ఆగు, అడిగొస్త," అనేవారు.

చెప్పులు విడిచి, టైరు నడిచే దారిలోనే జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి తీసి పిసికేవారు. ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదిలేవారు. పగిలి రాలితే బండి దిగొచ్చు. చదునై అతుక్కుంటే ఆ రోజుకు లేదు. ఎర్రటి చెల్క భూమి ఒక ఎండకే తేరుకుంటుంది. నల్లరేగడి లోపలి తడిని ఒక పట్టాన వదలదు. "మీద చూస్తే రొట్టె కాలినట్లే ఉంటది బిడ్డా, లోపల పిండి పచ్చిగనే ఉంటది," అని చెప్పారు నాకు.

ఒకసారి తవ్వే ముందు ఉత్త కాళ్లతో కదలకుండా నిలబడ్డారు. "ప్రార్థన చేస్తున్నవా చిన్నాయనా?" అన్నాను.

"అది నీ పని. నా కాళ్లు సల్లగైతున్నయా లేదా చూస్తున్న."

ఆయనా ఒకసారి తప్పారు. మబ్బు పడుతుంటే, పల్లికాయ ఇల్లు చేర్చే తొందరలో గట్టు పక్కన మట్టి మాత్రం చూసి బండి దింపారు. ఇరుసు దాకా దిగబడింది. గట్టు పక్కన నీళ్లు నిలవవు కాబట్టి అక్కడ ముందే ఆరుతుంది. ఆ సంగతి దాచుకోలేదు. అడగనివాళ్లకు కూడా నవ్వుతూ చెప్పేవారు.

ఆయన కోరిందల్లా చిన్నమ్మ పక్కన చోటు. ఆమె సమాధి రేగడి చేను ఆ చివర ఉంది. మర్నాడు పొద్దున పెట్టెను ట్రాక్టర్ మీద తీసుకుపోదామన్నారు అందరూ. నడుమ దిగబడి బండి ఒరిగితే? ఆ మాట ఎవరి నోటా రాలేదు. సాయంత్రం మా తమ్ముడు చేనుకు పోయొచ్చాడు.

"పొడిగనే ఉన్నది. పోవచ్చు."

"ఏడ తీసినవ్ అన్నా మట్టి?" అంది చెల్లె.

"గెట్టు పక్కన."

ఆమె లేచింది. మేమిద్దరం వెంట నడిచాం. బండి నడపడం ఆమెకు చిన్నాయన నేర్పారు, మట్టి చూడటం పక్కన నిలబడి తానే నేర్చుకుంది. చేను నడుమ మూడు చోట్ల తవ్వింది. మూడు ఉండలూ పడ్డచోటే అతుక్కున్నాయి.

"నాయిన చేసిందే చేసినవ్ అన్నా."

తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఉంటే తిట్టేటోడు."

"తిట్టేటోడు కాదు. నవ్వేటోడు."

ఇంటికొచ్చి అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. పెట్టె రేగడికి ఇవతలి చెల్క అంచు దాకా ట్రాక్టర్ మీద పోవాలి. అక్కడి నుంచి గట్టు వెంట భుజాల మీద, మనిషి మార్చి మనిషి. మొలకెత్తిన పత్తి మీద చక్రం పడదు. ట్రాక్టర్ అమ్మడం లేదు, ఇక మీదట చెల్లె నడుపుతుంది. వాన వెలిశాక ఎవరైనా అడగడానికొస్తే ఆమెనే అడుగుతారు. తమ్ముడు జేబులోంచి ట్రాక్టర్ తాళంచెవి తీసి ఆమె ముందుకు చెయ్యి చాచాడు. చెల్లె ఇంకా చేతులు కడుక్కోలేదు. కుడిచేతి మట్టిని చీరకు తుడుచుకుని అందుకుంది.