వెండిమందు, ఉప్పునీళ్ళు

మా ల్యాబు డాక్టరమ్మ పోయారని సోమవారం పొద్దున ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. "నిన్న చర్చి గంట ఇనలేదా అబ్బయా? మీ అమ్మ పోయినాదిరా" అన్నాడు. వాడి మీద కేకలేశాను. ఎందుకో నాకే తెలియదు.

నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. కోవూరులో బియ్యం బస్తాలు మోసి, ఇక్కడ గాజుసామాను కడిగే పనికి వచ్చాను. సీసాల మీది ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కుంటుంటే చూసి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది ఆమే. రోగి కడుపులోంచి తీసిన ముక్కను మైనంలో పెట్టి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, వెండిమందులో నానబెట్టడం నేర్పారు.

"కడుపు లోపలి పొర చెడితే ఒక్కోసారి పేగుపొర వేషం కడుతుందిరా. పేగులో ఉండాల్సిన కణాలు ఇక్కడ మొలుస్తాయి. వెండి తగిలితే నల్లగా తేలేవి అవే. హార్మోన్లు తయారుచేసేవి" అనేవారు.

"చోటుగాని చోట పుట్టి ఎవరికి చేస్తున్నాయమ్మా ఆ పని?"

"నాకూ తెలీదు. తెలీదని రాయడం కూడా పనేరా."

ఆ పని మాత్రం నాకు అబ్బలేదు.

వెండిమందుకు ఉప్పు గిట్టదు. మా ఉప్పటి బావినీళ్ళు తగిలితే స్లైడంతా నల్లమరకలు. కణమేదో మరకేదో తేలదు. నీళ్ళు కాచి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్ళతోనే కడగాలి. ఒకసారి మరిచిపోతే, "కడుపు చూపించమంటే మైపాడు సముద్రం చూపిస్తున్నావే!" అని ఎగతాళి చేశారు.

మొన్న వేసవిలో పెసరగింజంత ముక్క తెచ్చిచ్చారు. ఎవరిదో చెప్పలేదు. "జాగర్తరా, ఇంకో ముక్క లేదు" అన్నారు. ఆ రోజు ఆవిరినీళ్ళు అయిపోయాయి. కాచే ఓపిక లేక బావినీళ్ళతోనే కడిగేశాను. స్లైడు మీద ఎటు చూసినా నల్లచుక్కలే. ఆమె చాలాసేపు చూశారు.

"ఏ నీళ్ళతో కడిగినావు?"

"ఆవిరినీళ్ళేనమ్మా."

నా మొహం చూశారు. మళ్ళీ స్లైడు చూశారు. పెన్సిలు అందుకున్నారు.

ఆ ముక్క ఆమెదేనని సమాధి దగ్గర ఆమె తమ్ముడు చెబితే తెలిసింది. మద్రాసులో కడుపులోకి గొట్టం వేసి తీశారట. ఆ ముక్కలో ఏముందో తేలినా బతికేది కాదు, జబ్బు అప్పటికే ముదిరిపోయింది అన్నాడు. అదొక ఓదార్పా? నా అబద్ధం నమ్మారా, తెలిసే ఊరుకున్నారా? ఎడాపెడా తిట్టి ఉంటే నాకిప్పుడు ఈ గొడవ ఉండేది కాదు. కోపం వస్తోంది. ఎవరి మీదో మీరే చెప్పండి.

చూసిన ప్రతి స్లైడుకూ ఆమె పెన్సిలుతో బొమ్మ వేసేవారు, కణమని తేలిన చుక్కను నల్లగా నింపేవారు. ఇవాళ బల్ల సొరుగులో ఆ ముక్క బొమ్మ దొరికింది. తన కడుపు మడతలన్నీ ఓపికగా గీసుకున్నారు. నల్లచుక్కలు కనబడ్డ చోటల్లా చిన్నచిన్న సున్నాలు చుట్టి, లోపల నలుపు నింపకుండా తెల్లగా వదిలేశారు.