పద్దెనిమిది ఫ్రేముల డచ్చి బొమ్మ

రెండువేల సంవత్సరం చలికాలంలో నేను కువైట్ సిటీలోని ఒక సాంస్కృతిక భవనంలో సీనియర్ ఆపరేటర్‌ని. అంటే ప్రొజెక్షన్ గదికి నాదే బాధ్యత. నా పైన ఈజిప్టు మేనేజరు గారొక్కరే. డచ్చివాళ్ళకీ జపాన్‌వాళ్ళకీ నాలుగు వందల ఏళ్ళ స్నేహం నిండిందని అక్కడి ఆ రెండు దేశాల ఎంబసీలు కలిసి మా హాల్లో డచ్చి సినిమాల ఉత్సవం పెట్టాయి. మొదటి బొమ్మ ఒక మూకీ, డచ్చి ఓడ నాగసాకి రేవు చేరిన కథ. మూకీ ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ చెప్పడం జపాన్‌లో పాత ఆచారం. ఆ ఒక్క పనికే నొరికో గారనే పెద్దావిడ అక్కణ్ణుంచి వచ్చారు.

రెండు రోజుల ముందు రిహార్సల్ వేశాం. ఓడ లంగరు దించిందని ఆవిడ చెప్పేలోపే తెర మీద జనం రేవులో దిగి పరుగులు పెడుతున్నారు. ఆవిడ మధ్యలో ఆపేశారు. ఈ బొమ్మ సెకనుకి పద్దెనిమిది ఫ్రేముల లెక్కన తీసినది, మీరు ఇరవైనాలుగులో ఆడిస్తున్నారు, ఇలాగైతే నేను చెప్పలేను అని దుబాసీ చేత అనిపించారు. మా మిషన్లకి ఒకటే వేగమని చెప్పాను.

"ఖలాస్. ఇంకో సినిమా వేద్దాం," అన్నారు మేనేజరు.

నొరికో గారు తన కథ కాగితాలు సర్దుకున్నారు. నాకు సిగ్గేసింది. కోనసీమ టూరింగ్ టాకీసులో మిషన్లు విప్పి బిగించి పని నేర్చినవాణ్ణి, కుదరదని అంత తేలిగ్గా ఎలా అనేశాను? ఒక్కరోజు గడువు అడిగాను.

ఇరవైనాలుగులో ముప్పావు పద్దెనిమిది. మోటారు పుల్లీని ముప్పావు సైజుకి తగ్గిస్తే వేగం దిగుతుంది. అయితే లైటుకి అడ్డంగా తిరిగే షట్టరుకి రెండే రెక్కలు. నెమ్మదిగా తిరిగితే తెర మీద వెలుగు అదురుతుంది. మూడు రెక్కలది కావాలి. అర్దియా వర్క్‌షాపుల పేటలో లేతు నడిపే కడప సుబ్బరాయుడి దగ్గరికి కొలతలు పట్టుకెళ్ళాను.

"చేసిస్తా గానీ, ఉండేది ఒక్క ప్రింటే అంటివి. అది చినిగితే ఏం చేస్తావన్నా?" అన్నాడు.

"చిరిగితే ఇంకేముందోయ్, ఉద్యోగాలు ఊడి ఇద్దరం ఇంటికి ఒకే విమానం ఎక్కేద్దాం."

నవ్వుతూ అన్నానే గానీ లోపల భయంగానే ఉంది. ముందు పాత ట్రైలరు ముక్కల్ని గంటసేపు ఆడించి చూశాను. నెమ్మదిగా కదిలే ఫిల్ము వేడికి కాలకుండా దీపం తగ్గించాను. బొమ్మ మసకగా ఉందని మేనేజరు సణిగారు. నొరికో గారు మాత్రం మళ్ళీ కాగితాలు తీశారు.

రెండో మిషను మిగతా సినిమాలకి కావాలి గనుక ఒక్కదాన్నే మార్చాం. దాంతో రీలు మార్చినప్పుడల్లా రెండు నిమిషాలు తెర చీకటి. ప్రదర్శన రోజు మొదటి రీలు అయిపోగానే దీపం ఆర్పి రెండోది అందుకున్నాను. కిందనుంచి ఆవిడ గొంతు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. నేను రీలెక్కించి దీపం వెలిగించేదాకా ఆ చీకట్లోనే కథ నడిపించారు. నాలుగు రీళ్ళూ అలాగే ఆడాయి. ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.

చివర్లో ఆవిడ జనానికి నమస్కరించాక, నా గది కిటికీ వైపు తిరిగి నడుం వంచారు. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ గర్వం నాకిప్పటికీ తగ్గలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. అప్పటికి నా సర్వీసు ఇరవై ఏళ్ళు. ఒక బొమ్మని ఏ వేగంలో తీశారని ఎవరినీ అడిగినవాణ్ణి కాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ ప్రింటు వచ్చినా డబ్బా మూత తీసేముందు అదే అడిగాను.