టిఫిన్ అయిందా? ప్లెయిన్స్‌బరోలో ఒక శనివారం క్లాసు

నేను ఫిలడెల్ఫియాలో ఒక చిన్న యూనివర్సిటీలో పనిచేస్తాను. పీఈ టీచర్లు, కోచ్‌లు కావాలనుకునే మా స్టూడెంట్స్ ఒక సెమిస్టర్ పాటు ఎక్కడో ఒకచోట వాలంటీర్‌గా క్లాసులు నడపాలి. ఎలా నడుపుతున్నారో వెళ్లి చూసి రావడం నా పని. మామూలుగా హాయిగా ఉండే పనే. పోయిన వారం మా స్టూడెంట్ మేఘన మెసేజ్‌తో ఆ హాయి కాస్తా ఎగిరిపోయింది. "ప్రొఫెసర్, ఒక అంకుల్‌కి క్లాసులో కళ్లు తిరిగాయి. ఇప్పుడు ఓకే. నేనేం తప్పు చేశానో తెలీట్లేదు." మేఘన ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, పిల్లల దగ్గరికొచ్చి కొన్ని నెలలు ఉండే అమ్మానాన్నలకి ప్రతి శనివారం వ్యాయామం చేయిస్తోంది. మా డిపార్ట్‌మెంట్ ఒక్కటే మాట చెప్పింది: కారణం తేలకపోతే క్లాసు ఆపేయండి. ఆపితే పిల్లకి సెమిస్టర్ పోతుంది, గ్రాడ్యుయేషన్ వెనక్కి పోతుంది. తేల్చాల్సిందేమో నేను!

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే లేచి పెసరట్లు వేసి డబ్బాలో పెట్టుకున్నాను, ఆ డబ్బాని వంటింటి గట్టు మీదే వదిలేసి పరిగెత్తాను. ఇటు వెళ్లాలనుకునేవాళ్లకి దారి చెప్తాను. ఫిలడెల్ఫియా నుంచి ట్రెంటన్‌కి లోకల్ రైలు, సుమారు గంట. అక్కడ దిగి న్యూజెర్సీ రైలు మారితే పావుగంటలో ప్రిన్స్‌టన్ జంక్షన్. రెండు టికెట్లూ కలిపి పదిహేను డాలర్ల చిల్లర. శనివారాలు రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే ప్లాట్‌ఫాం మీద గంట జపం చేసుకోవాల్సిందే. మా రైలు దారిలో ఆగినప్పుడల్లా నా గుండె కూడా దాంతో పాటే ఆగింది. ట్రెంటన్‌లో మెట్లెక్కి దిగి రెండో రైల్లో పడేసరికి కాఫీ కొనుక్కునే వ్యవధి కూడా దొరకలేదు.

జంక్షన్ నుంచి క్యాబ్‌లో పది నిమిషాలు. డ్రైవర్ పెద్దాయన, అద్దంలోంచి నన్ను చూసి, "పరీక్షకి వెళ్తున్నారా?" అన్నాడు.

"పరీక్ష నాది కాదు, మా స్టూడెంట్‌ది."

"మరి భయం మీకెందుకు?"

"ఫెయిల్ చేయాల్సింది నేను కదండీ!" అన్నాను.

క్లబ్‌హౌస్ తలుపు తీయగానే పోపు వాసన. అక్కడొక పద్ధతుంది, క్లాసయ్యాక అందరూ కూర్చుని టిఫిన్ తింటారు, వారానికొకరు వండుతారు. ఆ రోజు వంతు రమణమ్మగారిది, తెనాలి నుంచి కూతురి దగ్గరికొచ్చారు. ఉప్మా కలుపుతూనే నన్ను చూసి, "రామ్మా, టిఫిన్ అయిందా?" అన్నారు. "ఆ, అయిందండీ" అన్నాను.

మేఘన గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతోంది. మోకాళ్లు నొప్పా, బీపీ మాత్ర వేసుకున్నారా, చివర్లో "టిఫిన్ తిన్నారా అంకుల్?" అందరూ "అయింది తల్లీ" అంటూ లోపలికొస్తున్నారు. ఆ ప్రశ్న తెలుగులో అడగమని మొదట్లో సలహా ఇచ్చింది నేనే. ఇంగ్లీషులో అడిగితే పెద్దవాళ్లు బిగుసుకుపోతారని. పిల్ల ఒక్క ప్రశ్న కూడా వదలట్లేదు, మరి తప్పెక్కడ? పోయిన వారం కళ్లు తిరిగిన ఆంజనేయులుగారు ముందు వరసలోనే కూర్చున్నారు. కరీంనగర్‌లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, షుగర్ ఉంది. నేను వెనకాల గోడకి ఆనుకుని ఆయన్నే చూస్తున్నాను. ఆయన నుదుటి మీద చెమట కనపడితే నాకు ఒళ్లంతా పట్టేస్తోంది.

కుర్చీల్లో కూర్చుని చేతులు పైకి, కిందికి. తర్వాత లేచి నిలబడి అడుగులు. అప్పటికి నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, ఉప్మా వాసనకి నోరూరిపోతోంది. పెసరట్ల డబ్బా గుర్తొచ్చింది. ఆ వెంటనే ఇందాక నేనన్న మాట గుర్తొచ్చింది. అయిందండీ అన్నానే! ఏమయింది నా మొహం? పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు. ఎవరైనా అడిగితే అయిందనేస్తాం, అంతే. కాలేదంటే పెట్టమని అడిగినట్టు కదా! మరి ఈ గదిలో "అయింది" అన్నవాళ్లలో నిజంగా ఎంతమందికి అయింది?

మా రూల్ ప్రకారం చూసేవాళ్లు కల్పించుకోకూడదు. కల్పించుకుంటే ఆ పిల్లకి చేతకాలేదని రాసినట్టే. ఊరుకుందామంటే ఎదురుగా ఆంజనేయులుగారు ఆసరాకి కుర్చీ పట్టుకున్నారు. ఇంక ఆగలేక బడిపిల్లలా చెయ్యెత్తాను.

"మేఘనా, నేను టిఫిన్ తినలేదు. ఇందాక రమణమ్మగారితో అబద్ధం చెప్పాను."

పిల్ల మొహం పాలిపోయింది. గదిలో అడుగులు ఆగిపోయాయి. ముందుగా వంటింట్లోంచి రమణమ్మగారే అన్నారు, "నాది మాత్రం ఏమయిందమ్మా! కాఫీ ఒక్కటే." కిటికీ దగ్గర ఇంకెవరో నవ్వారు, "ఎలాగూ ఇక్కడ తింటాం కదాని నేనూ..."

మేఘన నావైపు చూడనే లేదు. "అందరూ కూర్చోండి ప్లీజ్," అని తిన్నగా ఆంజనేయులుగారి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అంకుల్, మార్నింగ్ నుంచి ఏం తిన్నారు?"

"అయింద..." అని ఆగిపోయారాయన. "శనివారం కదా బిడ్డా. ఒంటిపూట ఉంటా. షుగర్ మాత్ర మాత్రం ఏసుకున్న."

"లాస్ట్ వీక్ కూడానా?"

"నలభై ఏండ్ల నుంచి అంతే. నువ్వు ప్రతిసారీ అంత ప్రేమగా అడుగుతుంటే లేదని ఎట్ల చెప్పాలె?"

"బనానా తినొచ్చా అంకుల్? ఫాస్టింగ్ పోదు కదా?"

"పండుకి దోషం లేదు అన్నయ్యగారూ, తినండి!" అని రమణమ్మగారు అరటిపండుతో వచ్చేశారు. ఆయన తినేదాకా మేఘన అక్కణ్ణుంచి కదల్లేదు. మీ పిల్లల్ని అడిగి డాక్టర్‌తో మాట్లాడేదాకా శనివారం మీరు చూడ్డమే అంకుల్, చేయొద్దు అంది. మిగతావాళ్లని ఒక్కొక్కరినీ ఏం తిన్నారో అడిగి, తిననివాళ్లకి ముందు ఉప్మా పెట్టించి, ఆ రోజుకి క్లాసు ముగించేసింది. వచ్చేవారం నుంచి టిఫిన్ ముందు, వ్యాయామం తర్వాత అని తనే చెప్పింది. నేను నేర్పింది ఇందులో ఒక్కటీ లేదు. క్లాసు కొనసాగించొచ్చని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టేశాను.

అందరూ వెళ్లాక కుర్చీలు సర్దుతుంటే అడిగాను. "నువ్వేం తిన్నావు?"

"అయింది ప్రొఫెసర్." వెంటనే పెదవి కొరుక్కుంది. "ఏం తినలేదు ఆంటీ. నిన్న నైట్ కూడా. మీరొచ్చి ఆపేస్తారని భయమేసింది." కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మ రోజూ కాల్ చేసి అడుగుతుంది. తిన్నాననే చెప్తున్నాను."

గిన్నె అడుగున మిగిలిన ఉప్మా ఇద్దరం గరిటెతోనే గీక్కుని తిన్నాం.

తిరుగు రైల్లో మా అమ్మకి ఫోన్ చేశాను, ఇక్కడిలాగే అక్కడా అదే పలకరింపు, "తిన్నావా?" అని. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అయిందన్నానో! వారం రోజులు ఆ పిల్ల ఏ తప్పు చేశానోనని సరిగ్గా తినకపోతే, దాని మాట నమ్మి ఆ తల్లి నిశ్చింతగా నిద్రపోయి ఉంటుంది. ఇటు వెళ్లేవాళ్లకి నేను చెప్పే సలహా ఒక్కటే: మీరు పెద్దవాళ్లకి క్లాసు చెప్పేవారైనా, పిల్లల్ని దూరంగా పంపినవారైనా, తిన్నారా అని అడగొద్దు, ఏం తిన్నారని అడగండి. మా అమ్మ "తిన్నావా?" అనగానే ఉప్మా తిన్నానమ్మా, గిన్నె అడుగుది, కాస్త మాడింది అన్నాను. ఎప్పుడడిగినా తిన్నాననే మా అమ్మ, "నేనింకా తినలేదే" అంది.